వజ్రంలో పొత్తు, బోరు దగ్గర పోరు

తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి, వజ్రకరూరు చేలలో నడుము వంచి తిరిగే జనం తాము రాయి కోసం వెతుకుతున్నామనే అనుకుంటారు. వారు వెతికేది మన సీమలో అంతకన్నా అరుదైన, తగాదా లేని ఉమ్మడి ఆస్తి అని ప్రభుత్వం వెంటనే ప్రకటించవలసి ఉన్నది.

వజ్రంలోని కర్బన పరమాణువుకు బయటి కక్ష్యలో ఉన్నవి నాలుగే ఎలక్ట్రాన్లు, కావలసినవి ఎనిమిది. కనుక అది చుట్టూ ఉన్న నలుగురితో తలా ఒక ఎలక్ట్రాన్ పొత్తు కలుపుతుంది. అలా ఏర్పడిన ప్రతి జంటనూ ఇరువురూ పూర్తిగా తమదేనని లెక్క వ్రాసుకుంటారు, అయినా తహసీల్దారు కార్యాలయానికి ఒక్క అర్జీ వెళ్లదు. ఈ జంట లెక్కను 1916లో గిల్బర్ట్ లూయిస్ చెప్పగా, 1919లో ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ దీనికి పేరు పెట్టాడు. మన పాఠాల్లో ఇది సమయోజనీయ బంధం.

మన అన్నదమ్ముల ఉమ్మడి బోరుకు ఒకే స్టార్టర్ డబ్బా, దానికి రెండు తాళాలు. ఇద్దరూ కలిసి వస్తేనే మోటారు ఆడుతుంది. ఇద్దరూ కలిసి రారు కనుక వేరుశనగ ఎండుతుంది. పరమాణువుల్లోనూ రెండు కేంద్రకాలు ఒకే జంటను చెరొకవైపు లాగుతూనే ఉంటాయి, ఆ లాగుడే వాటిని కలిపి ఉంచుతుంది. మనవారు లాగడం వరకు నేర్చుకున్నారు.

అన్ని పొత్తులూ వజ్రమంత నికార్సయినవి కావు. హైడ్రోజన్ క్లోరైడ్‌లో జంట పేరుకు ఉమ్మడిదే, ఒరుగు మాత్రం క్లోరిన్ వైపు. వజ్రంలో అందరూ కర్బనాలే కాబట్టి ఎవరి పెద్దరికమూ చెల్లదు.

పంపకాలే మేలనేవారికి అయానిక బంధం ఉన్నది. సోడియం తన ఎలక్ట్రాన్‌ను క్లోరిన్‌కు రాసిచ్చేస్తుంది, ధన రుణ ఆవేశాలు ఒకదానినొకటి పట్టుకొని ఉప్పవుతుంది. ఆ ఉప్పు నీళ్లలో పడగానే విడిపోతుంది. నీళ్ల దగ్గర విడిపోవడం మన ఊళ్లకు ఒకరు నేర్పనక్కరలేదు. (మంగంపేట ముగ్గురాయి కూడా బేరియం, సల్ఫేట్ అయాన్ల కూటమే గాని, నీటికి లొంగదు. పౌరుషం గల రాయి.)

ఇంతకూ వజ్రం దొరికినవాడి సంగతి: వ్యాపారి దానిని వెలుగులో అటూ ఇటూ తిప్పి, పెదవి విరిచి, చీటీ మీద పెన్సిల్‌తో ధర వేస్తాడు. పెన్సిల్‌లోని గ్రాఫైటు కూడా కర్బనమే. అయితే అక్కడ ఒక్కొక్క పరమాణువు ముగ్గురితోనే గట్టిగా కలుస్తుంది, నాలుగో ఎలక్ట్రాన్ పొరంతా తిరుగుతుంది, పొరకూ పొరకూ పట్టు అంతంతమాత్రం కనుక రాసేటప్పుడు జారిపోతాయి. సాయంత్రానికి ధర కూడా జారిందంటే వ్యాపారిని నిందించడం శాస్త్రవిరుద్ధం.