పవర్ సప్లై కొనేముందు పీసీ మూత తీసి చూడండి

గేమ్ మధ్యలో పీసీ ఆరిపోతే పవర్ సప్లై (లోపల కరెంటు అందించే డబ్బా) మార్చమని ఇక్కడొకరు సలహా రాశారు. షాపతను చెప్పాడని నేనూ మార్చా. 4,500 వదిలాయి గానీ జబ్బు వదల్లా. మాది చీమకుర్తి, గ్రానైట్ పొడి అన్నంలో తప్ప అన్నింట్లో ఉంటది. ప్రాసెసర్ టెంపరేచర్ చూస్తే గేమ్ పెట్టిన ఐదు నిమిషాలకే 98 డిగ్రీల సెల్సియస్. ముందు గేమ్ నత్తనడక, తర్వాత టప్పున ఆరిపోవడం. వేడెక్కితే ప్రాసెసర్ చేసేదే అది.

కూలర్ ఫ్యాన్ విప్పితే రేకుల మధ్య కంబళిలాగా దుమ్ము! కింద, ప్రాసెసర్ వేడిని కూలర్‌కి అందించే పేస్టేమో తమలపాకు మీద ఎండిన సున్నంలా పెచ్చులు. పెయింట్ బ్రష్షుతో దులిపి (ఫ్యాన్ రెక్కలు తిరక్కుండా వేలితో పట్టుకోండి), పాత పేస్టు స్పిరిట్‌తో తుడిచి, బఠాణీగింజంత కొత్తది పెట్టా. అదే గేమ్, ఇప్పుడు 78. పాత పవర్ సప్లై బీరువా మీదుంది, ఎవరికైనా కావాలా?