సవరణ: జర్మనీలో అత్యవసర గర్భనిరోధక మాత్ర

జర్మనీలో ఈ మాత్రకు డాక్టర్ చీటీ తప్పనిసరి అని ముందు రాశాం. అది తప్పు, క్షమించండి. 2015 మార్చి నుంచి మందుల షాపులో చీటీ లేకుండానే ఇస్తున్నారు. ఆన్‌లైన్‌లో మాత్రం అమ్మకూడదు. రాత్రివేళ, ఆదివారం డ్యూటీలో ఉన్న అపోథేకెకే (జర్మన్‌లో మందుల షాపు) వెళ్లాలి.

చీటీ అవసరం డబ్బు దగ్గరే. ప్రభుత్వ ఆరోగ్య బీమా ఉండి 22 నిండని వారికి చీటీ ఉంటే ఖర్చు బీమాదే. 18 దాటినవారు కనీసం 5 యూరోలు కట్టాలి. కానీ చీటీ కోసం ఆగి ఆలస్యం చేయకండి, ఒక్కో గంటా ముఖ్యమే.

ఈ మాత్ర రెండు రకాలు. రక్షణ లేని లైంగిక కలయిక తర్వాత లెవోనోర్జెస్ట్రెల్ 1.5 మిల్లీగ్రాములు 72 గంటల్లోపు, యులిప్రిస్టల్ 30 మిల్లీగ్రాములు 120 గంటల్లోపు వేసుకోవాలి. 3 గంటల్లోపు వాంతి అయితే మళ్లీ వేసుకోవాలి. రిఫాంపిసిన్ వాడే క్షయ రోగులు ఆ సంగతి మందుల షాపులో తప్పక చెప్పాలి, అది మాత్ర ప్రభావాన్ని తగ్గిస్తుంది.