పిల్లలు చచ్చిపోయే పుస్తకమూ, మన పాజిటివ్ ఎనర్జీ

ఎడ్వర్డ్ గోరీ అనే చిత్రకారుడి బొమ్మల పుస్తకం ఇంట్లో ఉంటే నెగెటివ్ ఎనర్జీ వస్తుందట. ఈ మాట చెప్పిన పెద్దమనిషి ఆ పుస్తకాన్ని మా బల్ల మీంచి రెండు వేళ్లతో ఎత్తి, నాలుగు పేజీలు తిప్పి, మళ్లీ అవే రెండు వేళ్లతో కింద పెట్టి, చెయ్యి కడుక్కోవడానికి సింకు ఎక్కడుందని అడిగారు. పిల్లలు తిరిగే ఇల్లు కదండీ, పాజిటివ్‌గా ఉండే బొమ్మలు పెట్టుకోండి, ఏడు గుర్రాలు పరిగెత్తేది ఉంటుంది చూడండి, అని దాన్ని ఏ గోడకి కొట్టాలో కూడా చెప్పారు.

ఈయన చందమామ చదివి పెరిగిన మనిషే. అంటే శంకర్ గారు గీసిన ఆ బొమ్మని, కత్తి పట్టుకుని భుజాన శవం వేసుకుని శ్మశానంలో నడిచే రాజుని, నెలనెలా ఇడ్లీ తింటూ చూసినవాడే. ఆ శవం మాట్లాడుతుంది, జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగిలిపోతుందని బెదిరిస్తుంది కూడా. అది మాత్రం నీతికథ.

గోరీ 1925లో చికాగోలో పుట్టి 2000లో కేప్ కాడ్‌లో పోయిన అమెరికన్. బొమ్మలు చూసి విక్టోరియా రాణి కాలం నాటి ఇంగ్లీషు దొర అనుకున్నవాళ్లు చాలామంది. పొడుగాటి బొచ్చు కోటు వేసుకుని, కాళ్లకి టెన్నిస్ బూట్లు తొడుక్కుని న్యూయార్క్‌లో బాలన్‌షీన్ అనే నృత్యదర్శకుడి బాలే నృత్యాలకి ఏళ్ల తరబడి ఇంచుమించు ప్రతి రాత్రీ వెళ్లిన మనిషి. సన్నటి పాళీ, నల్ల సిరా, ఆయన సరంజామా అంతే. పుస్తకంలో ఎంత సైజులో అచ్చవ్వాలో అంత సైజులోనే గీసేవాడు, పెద్దగా గీసి తర్వాత చిన్నది చేసుకునే సుఖం కూడా వద్దనుకున్నాడు. అరచేయంత బొమ్మలో గోడ మీది పూల డిజైను, తివాచీ అంచు, పరదా మడతలు, అన్నీ గీత మీద గీత, దాని మీద అడ్డంగా ఇంకో గీత. చీకటి కావాలంటే సిరా పులిమేస్తే సరిపోయేది కదా, అలా చెయ్యలేదు. చాలాచోట్ల ఆ నలుపులోకి తేరిపార చూస్తే గీతల మధ్య ఇంకా కాస్త తెల్ల కాగితం ఊపిరాడుతూ కనిపిస్తుంది.

1963లో వచ్చిన 'ది గ్యాష్లీక్రమ్ టైనీస్'తోనే గొడవంతా. ఇంగ్లీషు అక్షరమాల, 26 అక్షరాలు, 26 మంది పిల్లలు, 26 చావులు. రక్తం కోసం వెతికేవాళ్లకి నిరాశే, గొడ్డలి దెబ్బ తిన్న కేట్ లాంటి ఒకటీ అరా తప్ప చాలా బొమ్మల్లో ఇంకా ఏమీ జరగనే లేదు. టైటస్ అనే కుర్రాడి ముందు ఒక పార్సిల్ ఉంటుంది. దాన్ని విప్పేది మనమే, బుర్రలో.

అయినా సరే, సంఘ శ్రేయస్సు దృష్ట్యా ఈ పుస్తకాన్ని పాజిటివ్‌గా సవరించడానికి ఒక కమిటీ వెయ్యాలని నా ప్రతిపాదన. అపార్ట్‌మెంట్ సెల్లారులో ప్లాస్టిక్ కుర్చీలు, సమోసాలు, ఒక మైకు (మనుషులు తొమ్మిది మందే అయినా మైకు ఉండాల్సిందే). మొదటి అంశం, మెట్ల మీంచి పడిపోయిన ఎమీ. మెట్లకి రెయిలింగు వేయించి, దాని మీద దాత పేరు చెక్కించాలని తీర్మానం. దాత ఎవరన్న దాని మీద నలభై నిమిషాలు చర్చ. రెండోది, బాసిల్ మీదికి వచ్చిన ఎలుగుబంట్లు. అటవీ శాఖకి వినతిపత్రం ఇద్దామని సెక్రటరీ, అంతెందుకు పిల్లాడి చేతికి ఒక కర్ర ఇస్తే పోలా అని ట్రెజరర్. గొంతులో పీచ్ పండు ఇరుక్కున్న ఎర్నెస్ట్‌కి జామకాయ, ముక్కలు కోసి. జిన్ను ఎక్కువ తాగిన జిల్లా అనే పిల్లకి బాదం పాలు. ఊనా డ్రైనేజీలోకి జారిపోయింది అని చదవగానే అందరూ సమోసాల వైపు చూశారు. వానాకాలం, మూత లేని మ్యాన్‌హోల్, దీనికి ఏ శాఖకి రాయాలో కూడా ఎవరికీ తెలీదు, తర్వాతి సమావేశానికి వాయిదా.

నెవిల్ దగ్గర మాత్రం కమిటీకి నిమిషం పట్టలేదు. నెవిల్ విసుగుతో చచ్చిపోయాడు, అంతే, ఆ పిల్లాడి కథ. ఏకగ్రీవంగా ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ బ్యాచ్, హాస్టల్‌తో సహా. తెల్లారుజామున స్టడీ అవర్, రాత్రి పదింటికి స్టడీ అవర్, ఇంక విసుగెక్కడిది?

ఆ నెవిల్ బొమ్మ ఒకసారి సరిగ్గా చూడండి. చిమ్మచీకటి గోడ, ఒక కిటికీ, అద్దం అడుగున సగం ముఖం, రెండు కళ్లు. ఆ కిటికీ మీకు తెలుసు. ఊరి చివర రోడ్డు మీద వెళ్తుంటే నాలుగో అంతస్తులో గ్రిల్ వెనక కనపడేది అదే. 2019లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చాక 20 మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు, ఫలితాల్లో తప్పులు దొర్లాయని తర్వాత తేలింది. 2023లో రాజస్థాన్‌లోని కోచింగుల ఊరు కోటాలో, పిల్లలు ప్రాణాలు తీసుకోకుండా హాస్టల్ గదుల ఫ్యాన్లకి స్ప్రింగులు బిగించమని అధికారులు ఆదేశమిచ్చారు. చదువు మార్చమని కాదయ్యా, ఫ్యాను మార్చమని! ఇంత దారుణమైన బొమ్మ గోరీ జన్మలో గీయలేదు. మరుసటి ఏడాది పేపరు మొదటి పేజీ నిండా ర్యాంకులూ పాస్‌పోర్టు ఫొటోలూ వస్తే దాన్ని పిల్లల ముందు పరిచి చూశావా అంటాం, అది పాజిటివ్. పాళీతో ఒక పిల్లాడి దిగులుని ఉన్నది ఉన్నట్టు గీసినవాడు నెగెటివ్. సిగ్గు లేకపోతే సరి. ఆ పెద్దమనిషి మనవడు కూడా ఇప్పుడు అలాంటి హాస్టల్లోనే ఉన్నాడు, నెలకోసారి ఫోను మాట్లాడనిస్తారట, మంచి డిసిప్లిన్ అని మెచ్చుకున్నారు.

గోరీకి పెళ్లీ లేదు, పిల్లలూ లేరు, ఇంటినిండా పిల్లులు. పోతూ పోతూ ఆస్తిని జంతువుల సంక్షేమానికి రాసిపోయాడు. ఆ ట్రస్టు చూసుకోవాల్సిన జాబితాలో కుక్కలూ పిల్లులే కాదు, గబ్బిలాలూ పురుగులూ కూడా ఉన్నాయి. బాసిల్ మీదికి వచ్చిన ఆ ఎలుగుబంట్లకి కూడా ఏదో కాస్త దక్కే ఉంటుంది.