'బాగుంది సార్' అన్నారంటే అనుమానించాలి

బెంగళూరు పీణ్యలో యంత్రాల విడిభాగాలు చేసే ఒక కంపెనీకి మా బృందం డ్యాష్‌బోర్డు (కంపెనీ లెక్కలన్నీ ఒకే తెర మీద చూపించేది) కట్టింది. మూడు నెలల పని. చివరి డెమోకి ఎండీగారు, సేల్స్ మేనేజరు, అకౌంట్స్ పెద్దాయన, డిస్పాచ్ సూపర్‌వైజరు అందరూ వచ్చారు. అందరూ 'బాగుంది సార్' అన్నారు. కాఫీలు తాగి వచ్చేశాం. నెల తర్వాత ఎవరు ఏం వాడుతున్నారో లాగ్ తీసి చూస్తే, తెరిచినవాళ్లలో ఎక్కువమంది నేరుగా నొక్కింది ఒకే బటన్. 'ఎక్సెల్‌లోకి డౌన్‌లోడ్'.

ఇలాంటప్పుడు మా వృత్తిలో వినపడే మాట ఒకటుంది: 'యూజర్లకు అలవాటు కాలేదు, ట్రైనింగ్ పెడదాం.' నేనైతే ఒప్పుకోను. మన తెర దగ్గర దొరకని జవాబు కోసమే మనిషి ఎక్సెల్‌కి వెళ్తాడు. కాబట్టి ఆ షీటు తెరిచి చూడాల్సిన బాధ్యత మనది.

వెళ్లి అకౌంట్స్ పెద్దాయన పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. నెల్లూరు మనిషి. ఆయన షీటులో నేనెప్పుడూ అడగని మూడు కాలమ్‌లున్నాయి: బిల్లు తేదీ, గేట్ పాస్ తేదీ, చలాన్ (సరుకుతో పాటు వెళ్లే చీటీ) నంబరు. 'మీ బొమ్మలో మార్చి అమ్మకం తప్పు బాబూ. 31న బిల్లు కొట్టాం గానీ సరుకు యార్డులోనే ఉంది' అన్నారు. సేల్స్ మేనేజరుకి ఆర్డరు చేతికొస్తే అమ్మకం అయినట్టే. అకౌంట్స్‌కి బిల్లు కొడితేనే. డిస్పాచ్‌కి లోడు గేటు దాటితేనే. అదీ పూర్తిగా నిజం కాదు, జాబ్ వర్క్ (బయటివాళ్ల చేత చేయించే పని) కోసం చలాన్ మీద బయటికెళ్లే సరుకు గేటు దాటినా అమ్మకం కాదు. 2017 జులైలో జీఎస్టీ వచ్చాక ఏ నెల పన్నులో ఏ బిల్లు పడుతుందన్నది వాళ్లకు తమాషా వ్యవహారం కాదు. మూడు లెక్కలూ సరైనవే. మేము ఎవర్నీ అడక్కుండా అందులో ఒకటి ఏరుకుని, పైన పెద్ద అక్షరాలతో 'మొత్తం అమ్మకాలు' అని రాసి పెట్టాం.

మరి డెమోలో ఎందుకు చెప్పలేదు? మొహమాటం. మూడు నెలలు కష్టపడి రంగులద్ది తెచ్చినదాన్ని ఎండీ ముందు 'తప్పు' అనడానికి మనవాళ్లకు నోరు రాదు. పెళ్లి భోజనంలో ఉప్పు తగ్గిందని ఎవరు చెబుతారు? పైగా మేము చూపించింది నమూనా అంకెలతో. ఊహల్లోంచి పుట్టిన అంకెతో ఎవరికీ తగాదా ఉండదు.

అందుకే రెండో విడతలో డ్యాష్‌బోర్డు కట్టే టూల్ (సాఫ్ట్‌వేర్) తెరవలేదు. ఏ4 కాగితాలు, పెన్సిలు, గత నెల అసలు అంకెలు. గీతలు వంకరగా ఉన్న కాగితం మీద కొట్టివేయడానికి ఎవరూ సందేహించరు. సూపర్‌వైజరు (హిందూపురం ఆయన, సగం తెలుగు సగం కన్నడం) నా చేతిలోంచి పెన్సిలు లాక్కుని, పై వరసంతా కొట్టేసి, 'నాకు పొద్దున కావాల్సింది ఏ పార్టీ లోడు ఆగింది, ఎందుకు ఆగింది, అంతే' అన్నాడు. రెండు గంటల్లో అయిదు కాగితాలు చిరిగాయి. ఎండీని ఆ గదిలోకి పిలవలేదు, కావాలనే. డబ్బిచ్చేవారూ రోజూ చూసేవారూ ఒక్కరే కానప్పుడు వేర్వేరుగా కూర్చోవడమే మంచిది.

అందర్నీ అడిగితే అందరి కోరికలూ తెర మీదికొచ్చి సంతలా తయారవుతుందన్న అభ్యంతరం ఉంది. నిజమే, నాకూ అయింది. దానికి నేను వాడే జల్లెడ ఒక ప్రశ్న: 'ఈ అంకె పడిపోతే ఎవరికి ఫోన్ చేస్తారు?' జవాబు లేని పెట్టెలు సగానికి పైగా అక్కడే రాలిపోయాయి.

మిగతావి చిన్నవే గానీ మనకే ప్రత్యేకమైనవి. అమెరికాలో పుట్టిన ఈ టూల్స్ అంకెల్ని మిలియన్లలో చూపిస్తాయి, సంవత్సరాన్ని జనవరితో మొదలుపెడతాయి. 12.5 మిలియన్ చూసి 1.25 కోట్లని మనసులో మార్చుకునే మనిషికి ప్రతి చూపులోనూ ఒక తడబాటు. లక్షలు, కోట్లు, ఏప్రిల్ నుంచి లెక్క: ఇవి మొదటి కాగితం మీదే ఉండాలి. ఎండీగారు ముచ్చటపడిన కారు స్పీడోమీటరు బొమ్మ గురించీ చెప్పాలి. కోణాల కంటే ఒకే గీత మీద పొడవుల్ని మన కన్ను మెరుగ్గా పోల్చుకుంటుందని 1984లోనే క్లీవ్‌లాండ్, మెక్‌గిల్ అనే పరిశోధకులు ప్రయోగాలతో చూపించారు. అయినా ఆయన పట్టుబట్టారు. ఒక మూలన చిన్నది ఉంచాం, గొడవెందుకని. ఇంకొకటి, పొద్దున తొమ్మిదింటికల్లా ఆ తెర స్క్రీన్‌షాటుగా వాట్సాప్ గ్రూపులో పడుతుంది. అందుకే తేదీ, ఏ యూనిట్ లెక్క అన్నవి శీర్షికలోనే రాశాం. ఫిల్టర్లలో దాచినవి ఫొటోలో కనపడవు కదా.

ఇప్పుడు అమ్మకం అన్న పెట్టె ఒకటి లేదు. ఆర్డరు, బిల్లు, గేటు అని మూడున్నాయి, పక్కపక్కనే, వాటి మధ్య తేడాతో సహా. ఆ తేడాలో ఏముందో చూడటానికే సూపర్‌వైజరు రోజూ తెరుస్తాడు. డౌన్‌లోడ్‌లు బాగా తగ్గాయి. అకౌంట్స్ పెద్దాయన మాత్రం నెలకోసారి ఇంకా దించుకుంటారు, రిటర్ను వేసే ముందు బిల్లు బిల్లునా సరిచూసుకోవడానికి. ఆ బటన్ తీసేద్దామని వాళ్ల ఐటీ కుర్రాళ్లు అన్నారు. వద్దని చెప్పి, ఆయనకి వెతుక్కునే పని లేకుండా ఇంకాస్త పైకి జరిపించాను.