సవరణ: బైట్ పత్రిక, క్యాసెట్ టేపు లెక్క

1975 సెప్టెంబరులో మొదలైన కంప్యూటర్ పత్రిక బైట్ చరిత్ర మీద ఇంతకుముందు రాసినదాంట్లో, కంప్యూటర్ డేటాను ఆడియో క్యాసెట్ మీద శబ్దంగా దాచే పద్ధతి గురించి చెబుతూ, 0 బిట్‌కి 2400 హెర్ట్జ్ స్వరం, 1కి 1200 అని పడింది. అది తారుమారైంది, క్షమించాలి. ఆ నవంబరులో బైట్ చొరవతో కాన్సాస్ సిటీలో జరిగిన సమావేశం నుంచి వచ్చిన ప్రమాణంలో 0 అంటే 1200 హెర్ట్జ్ తరంగాలు నాలుగు, 1 అంటే 2400 హెర్ట్జ్‌వి ఎనిమిది. రెండూ సెకనులో 300వ వంతే పడతాయి.

ఇది చిన్న పొరపాటు కాదు. తిరగేసి చదివే ప్రోగ్రాం, టేపు మొదట్లో ఏకధాటిగా మోగే 2400 స్వరాన్నే స్టార్ట్ బిట్ (ప్రతి 8 డేటా బిట్ల ముందు వచ్చే 0) అనుకుంటుంది. ఆపై వచ్చేదంతా చెత్తే.

4 కేబీ (4096 బైట్ల) డేటాను టేపు నుంచి చదవడానికి 109 సెకన్లన్నదీ తప్పే. అందులో ఒక్కో బైట్‌కు 8 డేటా బిట్లనే లెక్కేశాం. ఒక స్టార్ట్, చివర్లో వచ్చే రెండు స్టాప్ బిట్లు కలిపి 11. అంటే సుమారు 150 సెకన్లు.