కాబోలు అంటే వస్తారనా, రారనా?

పర్లాకిమిడిలో ఒక ఇంటి అరుగు. "పెళ్ళివారు శుక్రవారం వస్తున్నారు కాబోలు" అని మామయ్య ఫోన్ చేస్తే, మేనకోడలు సెలవు పెట్టుకుని బరంపురం నుంచి దిగింది. పెళ్ళివారు రాలేదు.

మేనకోడలు: తెలియనప్పుడు తెలియదనాలి మామయ్యా. వస్తున్నారు అనేసి చివర్లో 'కాబోలు' తగిలిస్తే ఎవరికి వినపడుతుంది?

మామయ్య: తెలియదని ఎవరన్నారే? వాళ్ళ ఊరి కారు ఆగితే, డ్రైవరు లాడ్జి ఎక్కడని అడిగాడు. ఆనవాలు దొరికింది కనకే కాబోలు అన్నాను. ఏ ఆధారమూ లేకపోతే 'వస్తారేమో' అనేవాణ్ణి.

మేనకోడలు: రెండూ అనుమానాలేగా! 1936లో ఊరు ఒడిశాలో కలిసింది, నా చదువంతా ఒడియాలో సాగింది. అక్కడ 'బోధహుఏ' అంటే సరిపోతుంది. మనకీ 'బహుశా' ఉంది. వాక్యం మొదట్లోనే జాగ్రత్త చెబుతుంది.

మామయ్య: సంస్కృతంలో బహుశా అంటే తరచుగా, పలువిధాలుగా అని. మన దగ్గరికొచ్చి అనుమానమైంది. ఉండనీ, తప్పేం లేదు. కానీ ఆ అనుమానం ఎక్కణ్ణుంచి వచ్చిందో అది చెప్పదు. పాత నిఘంటువుల్లో 'కాఁబోలు' అని అరసున్నతో ఉంటుంది. అందులో 'పోలు' ఉంది, పోలిక. తలుపుకి తాళం చూసి 'ఊరెళ్ళారు కాబోలు' అంటాం. అదే చంటివాడు గోడెక్కితే 'పడిపోతాడేమో!' అని పరిగెత్తుతావా, 'పడిపోతాడు కాబోలు' అంటూ కూర్చుంటావా?

(ఇక్కడ మామయ్యదే పైచెయ్యి. రెండో మాట అనేవాడు పిల్లాణ్ణి పట్టుకోవడానికి లేవడు.)

మేనకోడలు: ఈ తేడాలు నీకూ నిఘంటువులకీ. మా వయసువాళ్ళు కాబోలు అనడం ఎప్పుడైనా విన్నావా? గిడుగు రామమూర్తిగారు పాఠాలు చెప్పిన ఊళ్ళో ఉంటూ, జనం వదిలేసిన మాట పట్టుకుని వేలాడతావా?

మామయ్య: ఎవరు వదిలేశారే? ఇందాక గుమ్మంలో నీ చెప్పులు చూసి పాలామె ఏమంది? "అమ్మాయిగారొచ్చినారు గావాల" అంది. గోదావరి వైపు అదే 'కామోసు'. వేషాలు వేరు, పని ఒకటే.

మేనకోడలు: ఆవిడ ఆనవాలు నిజమైంది. మరి నీ డ్రైవరు సంగతి?

మామయ్య: వాడు వేరే పెళ్ళికొచ్చాడు కాబోలు.

మేనకోడలు: దీనికేమిటి ఆధారం?

మామయ్య: నిన్న కారుకి పూలదండలు కట్టి ఉన్నాయి.

మేనకోడలు: నిన్ననే చూసి మళ్ళీ ఫోన్ చెయ్యలేదేం?

మామయ్య: నువ్వప్పటికే బస్సెక్కేశావు కాబోలు అనుకున్నానే!