సన్నద్ధత ఉంది, చూపించడమే కుదరదు

బ్రెగ్జిట్ విషయంలో బ్రిటన్ ప్రభుత్వాన్ని లోకమంతా అన్యాయంగా ఆడిపోసుకుందని నా గట్టి నమ్మకం. యూరోపియన్ యూనియన్ నుంచి బయటికొచ్చే ముందు ఏ ఏర్పాట్లూ చేసుకోలేదట, పార్లమెంటు అడిగితే నీళ్లు నమిలారట. పార్లమెంటు కంట ఏదీ పడకుండా ఉండటానికి వాళ్లు చేసుకున్న ఏర్పాట్లు చూసినవాళ్లెవరూ ఆ మాట అనరు. ముక్కున వేలేసుకుంటారు.

ముందుగా డేవిడ్ డేవిస్ గారికి దండం పెట్టుకుని మొదలెడదాం. 2016 జూన్ 23న రెఫరెండం అయింది, 51.9 శాతం మంది పోదాం పదండి అన్నారు, పోవడానికి ప్రత్యేకంగా ఒక శాఖ పెట్టి దానికి ఈయన్ని మంత్రిని చేశారు. ఆ డిసెంబర్‌లోనే పార్లమెంటు సెలెక్ట్ కమిటీ ముందు కూర్చుని, దాదాపు 57 రంగాల మీద విశ్లేషణలు నడుస్తున్నాయని చెప్పారాయన. 2017 అక్టోబర్‌లో మళ్లీ అడిగితే, అవి ప్రాణం విసిగేంత వివరంగా ఉన్నాయనీ, కేబినెట్ వాళ్లు సారాంశాలు చూసి ఉంటారు గానీ ప్రతి ఒక్కటీ చదివి ఉండకపోవచ్చనీ అన్నారు. ఆ మాటతో ప్రతిపక్షానికి ఆశ పుట్టింది. నవంబర్ 1న లేబర్ పార్టీ హంబుల్ అడ్రస్ అనే పాతకాలపు పద్ధతిని దుమ్ము దులిపి బయటికి తీసి, ఆ పత్రాలు మా కమిటీకి ఇప్పించండి మహాప్రభో అని రాణిగారికి విన్నవించుకుంటూ తీర్మానం పెడితే, ప్రభుత్వం అడ్డు చెప్పకుండా ఊరుకుంది. ఓటింగ్ లేకుండానే తీర్మానం నెగ్గింది. రంగాలన్నీ కట్టగట్టి 39 రిపోర్టులు, సుమారు 850 పేజీలు వచ్చాయి.

వాటిని ఎంపీలు చదివిన తీరు చూడండి. ముందు స్లాట్ బుక్ చేసుకోవాలి. గది గుమ్మం దగ్గర ఫోను అప్పగించాలి. లోపల కావాలంటే కాగితం మీద పెన్నుతో రాసుకోవచ్చు. మన ఎంసెట్ హాలుకీ దీనికీ తేడా ఒక్కటే, ఎంసెట్ హాల్లో కనీసం ప్రశ్నలుంటాయి. ఇక్కడ ఫలానా రంగమంటే ఏమిటి, అందులో ఏమేం చేస్తారు, ఇప్పుడు ఏ యూరోపియన్ నిబంధనలు వర్తిస్తున్నాయి అన్నవి ఉన్నాయి; బయటికొచ్చాక ఏమవుతుందన్నది మాత్రం లేదు. ఇదంతా ఇంట్లో కూర్చుని ఇంటర్నెట్‌లో చూసుకునేవాళ్లం కదా అని కొందరు సభ్యులు విసుక్కున్నారు. తర్వాత క్రిస్మస్ ముందు ఆ రిపోర్టుల్ని జనం కోసం బయటపెట్టినప్పుడు ఆయా రంగాల వాళ్లు ఏమంటున్నారన్న భాగం తీసేసి పెట్టారు. అందులో కాస్తో కూస్తో కొత్త సంగతి ఉండేది ఆ భాగంలోనే అనుకుంటా, అందుకే జాగ్రత్త పడ్డారు.

డిసెంబర్ 6న కమిటీ ఛైర్మన్ హిలరీ బెన్ ఓపిగ్గా అడిగారు: కార్ల పరిశ్రమ మీద పడే ప్రభావాన్ని అంచనా వేశారా? లేదు. విమానాల పరిశ్రమ మీద? లేదు. అన్నిటికీ జవాబు అదే అని మంత్రిగారే తేల్చేశారు. ఆర్థిక నమూనాల మీద ఆయనకు నమ్మకం లేదు, అవన్నీ తప్పుతాయట. రెండు నెలలు తిరక్కుండానే ప్రభుత్వమే వేసుకున్న ఒక అంచనా లీకయింది. ఎలా బయటికెళ్లినా ఆర్థిక వృద్ధి తగ్గుతుందని అందులో ఉంది. అది ఇంకా పూర్తికాలేదని ప్రభుత్వం వివరణ ఇచ్చింది. లేని పత్రం పూర్తి కాకపోవడంలో తప్పేముంది చెప్పండి.

2018 డిసెంబర్ 4న ఇంకో ఘనత సాధించారు. బయటికొచ్చే ఒప్పందం మీద అటార్నీ జనరల్ ఇచ్చిన న్యాయ సలహాను పూర్తిగా బయటపెట్టమని సభ ఆదేశిస్తే పెట్టనందుకు, 311–293 ఓట్లతో సభాధిక్కరణ కింద తేలారు. ఒక ప్రభుత్వం ఇలా తేలడం బ్రిటన్ చరిత్రలో అదే మొదటిసారి. మర్నాడే ఆ సలహా బయటపెట్టారు, అది వేరే సంగతి.

ఇక ఓడల కథ. ఒప్పందం లేకుండా బయటపడాల్సి వస్తే డోవర్ రేవు దగ్గర లారీలు ఇరుక్కుపోతాయి కాబట్టి వేరే రేవుల నుంచి అదనంగా ఫెర్రీలు నడపాలని రవాణా మంత్రి క్రిస్ గ్రేలింగ్ మూడు కంపెనీలకు కాంట్రాక్టులిచ్చారు. వాటిలో సీబోర్న్ ఫ్రైట్ అనే కంపెనీ వాటా కోటీ 38 లక్షల పౌండ్లు. రామ్స్‌గేట్ నుంచి బెల్జియంలోని ఓస్టెండ్‌కి సరుకు చేరవేయాలి. వాళ్ల దగ్గర ఓడల్లేవు. ఫెర్రీ నడిపిన అనుభవమూ లేదు. వెబ్‌సైట్‌లో నియమ నిబంధనలు మాత్రం నిక్షేపంగా ఉన్నాయి, భోజనానికి డబ్బులు కట్టేముందు వచ్చింది సరిగ్గా ఉందో లేదో చూసుకోవాల్సిన బాధ్యత కస్టమర్‌దే అన్న వాక్యంతో సహా. ఏ పార్సిల్ హోటలు సైటు నుంచి దించారో గానీ సలహా మాత్రం బంగారం లాంటిది, ప్రభుత్వం దాన్నైనా పాటించి ఉండాల్సింది. విమర్శలొస్తే మంత్రిగారు, ఒక కొత్త బ్రిటిష్ కంపెనీకి చేయూతనిచ్చినందుకు క్షమాపణ చెప్పేది లేదన్నారు. ఈ ఒక్క విషయంలో నేను పూర్తిగా ఆయన పక్షం. ఓడలున్నవాడికి ఓడల కాంట్రాక్టు ఎవరైనా ఇస్తారు. ఫిబ్రవరిలో వెనకున్న ఐర్లండ్ కంపెనీ తప్పుకోవడంతో ఆ కాంట్రాక్టు రద్దయింది. టెండర్లు పిలవకుండా ఎందుకిచ్చారయ్యా అంటే, ముందుగా ఊహించలేని అత్యవసరం వచ్చిపడిందట! 2019 మార్చి 29న వెళ్లిపోయేలా 2017లోనే సెలవు చీటీ రాసిచ్చింది ఎవరో మరి. సముద్రం కింద సొరంగంలో రైళ్లు నడిపే యూరోటన్నెల్ కంపెనీ దీని మీద కోర్టుకెక్కితే 3 కోట్ల 30 లక్షల పౌండ్లిచ్చి రాజీ చేసుకున్నారు.

లారీల రిహార్సల్ కూడా చేశారండోయ్. అప్పట్లో డోవర్ మీదుగా రోజుకు 10,000 లారీల దాకా వెళ్లేవి. 2019 జనవరి 7న మాన్‌స్టన్ అనే పాత విమానాశ్రయంలో ట్రాఫిక్ జామ్ ఎలా ఉంటుందో చూద్దామని లారీలను పిలిస్తే 89 వచ్చాయి, ఒక్కోదానికి 550 పౌండ్లు ఇచ్చారు. జామ్ కాలేదు.

ఆ ఏడాది ఆగస్టులో ఎల్లోహామర్ అనే ప్రభుత్వ రహస్య పత్రం లీకయింది. ఒప్పందం లేకపోతే లారీలు రేవు దగ్గర ఒకటిన్నర నుంచి రెండున్నర రోజులు ఆగాల్సి రావచ్చని, కొన్ని తాజా కూరగాయలూ పళ్లూ తగ్గుతాయని అందులో ఉంది. అబ్బే, అది పాతది అన్నారు. దాని మీద తేదీ ఆగస్టు 2, బోరిస్ జాన్సన్ ప్రధాని అయ్యాక తొమ్మిది రోజులకు. సెప్టెంబర్ 9న పార్లమెంటు పట్టుబట్టి 311–302 ఓట్లతో పత్రం బయటపెట్టమంది. ప్రభుత్వం ఆ రాత్రే పార్లమెంటుకు అయిదు వారాల సెలవిచ్చి, సభ్యులంతా ఇళ్లకు పోయాక 11న పత్రం బయటపెట్టింది. లీకైనప్పుడు ‘మామూలు అంచనా’ అన్న అర్థంలో ఉన్న శీర్షిక ఈలోపు ‘మహా అయితే ఇంత చెడ్డగా ఉండొచ్చు’ అన్నట్టుగా మారింది, పదిహేనో పేరా మీద నల్లరంగు పడింది. ఆ సెలవు చెల్లదని సుప్రీంకోర్టులో 11 మంది జడ్జీలూ ఏకగ్రీవంగా చెప్పారనుకోండి, అలాంటి చిన్న చిన్న అడ్డంకులు ఎవరికైనా వస్తాయి.

వీటన్నిటికీ తలమానికం ఆఖరి అంకం. యూరప్‌తో వాణిజ్య ఒప్పందం 2020 డిసెంబర్ 24న కుదిరింది, 1,246 పేజీలు. డిసెంబర్ 30న పార్లమెంటును పిలిచి, దానికి కావాల్సిన బిల్లును రెండు సభల్లోనూ ఒక్కరోజులో అన్ని దశలూ దాటించేశారు, దిగువ సభ కామన్స్‌లో 521–73 ఓట్లతో. ఎప్పుడో మూలనపడ్డ నెట్‌స్కేప్ కమ్యూనికేటర్‌ని ఆధునిక ఈమెయిల్ సాఫ్ట్‌వేర్‌గా చెప్పిన అనుబంధం ఒకటి అందులో ఉందని పేజీలు తిరగేసినవాళ్లు బయటపెట్టారు. ఒక్కరోజులో 1,246 పేజీలు చదవలేరని నోరు పారేసుకునేవాళ్లకు చెబుతున్నా, చదవాలని ఎవరన్నారు? జనవరిలో ఎగువ సభ లార్డ్స్ కమిటీ ముందుకొచ్చిన చేపల శాఖ మంత్రి, ఒప్పందం వచ్చిన రోజు తాను ఊళ్లో క్రీస్తు జననం వేడుక ఏర్పాట్లలో తలమునకలై ఉన్నానని నిజాయితీగా చెప్పారు. చేపలు ఎవరెన్ని పట్టుకోవాలన్నదే ఆ చర్చల్లో చివరిదాకా తెగని పేచీ.

యూరప్ నుంచి వచ్చే ఆహార సరుకుల తనిఖీలు మాత్రం వాయిదా మీద వాయిదా పడి 2024లో మొదలయ్యాయి. అదే ఏడాది యూరప్ నుంచి వచ్చే చట్టాలను పరిశీలించే యూరోపియన్ స్క్రూటినీ కమిటీని పార్లమెంటే ఎత్తేసింది. 2025 మేలో, ఆ తనిఖీల్లో చాలావాటి అవసరం లేకుండా చేసుకుందామని యూరప్‌తో కొత్తగా అవగాహనకొచ్చారు. దాని తాలూకు కాగితాలు పార్లమెంటుకొచ్చే రోజును క్రిస్మస్‌కి దగ్గర్లో పెట్టుకోవాలని, స్లాట్లు తక్కువ ఉంచాలని, ఫోన్లు బయటే తీసుకోవాలని నా ఉచిత సలహా.